లూపస్ కిడ్నీకి పాకిందన్నారు, ఇప్పుడు ఏ మందు? ఏది ఏ సిగ్నల్‌ని ఆపుతుందో చూసి తేల్చుకోండి

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చింది. లూపస్ నెఫ్రైటిస్, క్లాస్ 4 అని రాసి ఉంది. రెండు మూడు దారులున్నాయి, ఇంట్లో మాట్లాడుకుని రండి అని డాక్టర్ గారు పంపించారు. సైక్లోఫాస్ఫమైడ్ పేరు వినగానే "అది క్యాన్సర్ మందు కదా" అని ఇంట్లో సగం మంది బెదిరిపోతారు. మైకోఫెనోలేట్ పేరు ఎవరూ విని ఉండరు. టాక్రోలిమస్ అని వెతికితే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ల సంగతులే వస్తాయి. ఈలోగా అమెరికా నుంచి బావగారు ఫోన్ చేసి ఇక్కడ బెలిముమాబ్ ఇస్తున్నారు, అదే అడగండి అంటారు. ఇలా ఎటూ తేల్చుకోలేక ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. ఈ జబ్బు మా ఇంట్లో ఉంది కాబట్టి దీని గురించి చదవక తప్పలేదు. చదివాక నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను. "వీటిలో ఏది స్ట్రాంగ్" అని అడగడం వల్ల పెద్దగా తేలేదేమీ లేదు, ఎందుకంటే మొదటి వరసలో వాడే మందుల్ని ఎదురెదురుగా పెట్టి చేసిన పెద్ద ట్రయల్స్‌లో చాలాసార్లు ఫలితం ఇంచుమించు సమానంగానే వచ్చింది. ఎవరికి ఏది అన్న దగ్గరే అసలు తేడా అంతా. పేషెంట్ క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) ఎంత, మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోంది, పిల్లలు కావాలా, రోజూ మాత్రలు తప్పకుండా వేసుకునే మనిషేనా, ఇవి తేలితే మందు దాదాపు తేలిపోయినట్టే.

కిడ్నీలో ఏం జరుగుతోంది

లూపస్‌లో రోగనిరోధక వ్యవస్థ మన సొంత డీఎన్ఏ మీదే యాంటీబాడీలు తయారు చేస్తుంది. అవి కిడ్నీలో రక్తం వడకట్టే గ్లోమెరులస్‌లలో పేరుకుని, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లను ఒకదాని తర్వాత ఒకటి రెచ్చగొడతాయి. డాక్టర్లు మాటిమాటికీ ఆ ప్రొటీన్లను చూసే సి3, సి4 పరీక్షలు రాసేది ఇందుకే. అక్కడ మంట నడుస్తున్నంత కాలం ఆ ప్రొటీన్లు ఖర్చయిపోతుంటాయి, రక్తంలో వాటి అంకె పడిపోతుంది.

ఈ మంటను రాజేసేవి, ఆరకుండా చూసేవి కణాల మధ్య తిరిగే సిగ్నల్ అణువులు. వీటిలో ఎక్కువ భాగాన్ని సైటోకైన్లు అంటారు. అన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మూడు చాలు.

మొదటిది ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా. మామూలుగా వైరస్ వచ్చినప్పుడు మోగాల్సిన అలారం ఇది. లూపస్‌లో వైరస్ ఏమీ లేకపోయినా మోగుతూనే ఉంటుంది. చాలామంది లూపస్ పేషెంట్ల రక్తకణాల్లో ఇంటర్‌ఫెరాన్ వల్ల ఆన్ అయ్యే జన్యువులు ఎక్కువగా పనిచేస్తున్నాయని 2003లోనే బయటపడింది. ఇంకో రుజువు కూడా ఉంది, నాకు దీనికంటే అదే గట్టిగా అనిపిస్తుంది. ఒకప్పుడు హెపటైటిస్ సి వైద్యానికి ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లే ఇచ్చేవాళ్లు, అవి తీసుకున్నవాళ్లలో కొందరికి లూపస్ లాంటి జబ్బు వచ్చింది.

రెండోది బాఫ్. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలకు ఇది రేషన్ లాంటిది. ఇది అందినంత కాలం అవి బతుకుతాయి, చచ్చిపోవాల్సినవి కూడా బతికిపోతాయి. మూడోది ఐఎల్-2. టి కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరగాలంటే ఇది కావాలి.

ఇవి కాక ఐఎల్-6, టీఎన్ఎఫ్, తెల్లకణాలను కిడ్నీలోకి లాక్కొచ్చే ఎంసీపీ-1, ఇలా ఇంకా చాలా ఉన్నాయి. అయితే ఒక సిగ్నల్ ఎక్కువగా ఉంది కాబట్టి దాన్ని ఆపితే జబ్బు తగ్గిపోతుందని లెక్క వేసుకోకండి. ఐఎల్-6ని అడ్డుకునే సిరుకుమాబ్‌ను లూపస్ నెఫ్రైటిస్‌లో పరీక్షిస్తే ఆశించిన ఫలితం రాలేదు. టి కణాల సిగ్నల్‌ని ఇంకో చోట ఆపే అబాటసెప్ట్‌దీ అదే కథ. కీళ్లవాతంలో బాగా పనిచేసే టీఎన్ఎఫ్ మందులైతే కొందరికి ఎదురు లూపస్‌నే తెచ్చిపెట్టాయి. అందుకే "కొత్త సిగ్నల్ కనిపెట్టారు" అని వాట్సాప్‌లో వచ్చిన వార్త చూసి ఉన్న మందు ఆపేయకండి.

పోల్చే ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

అన్నిటికంటే ముందు బయాప్సీ రిపోర్టు. చాలామంది క్లాస్ ఒక్కటే చూసి మూసేస్తారు. క్లాస్ ముఖ్యమే, కాదనను. 3, 4 అయితే గట్టి మందు కావాలి. ప్రొటీన్ బాగా పోతున్న క్లాస్ 5కి కూడా అంతే. 1, 2కి మామూలుగా కిడ్నీ కోసమని గట్టి మందు అక్కర్లేదు. క్లాస్ 6 అంటే అప్పటికే చాలా భాగం మచ్చపడిపోయిందని. కానీ రిపోర్టు చివర్లో ఇంకో రెండు అంకెలు ఉంటాయి, యాక్టివిటీ ఇండెక్స్ 24కి ఇంత, క్రానిసిటీ ఇండెక్స్ 12కి ఇంత అని. మొదటిది ప్రస్తుతం నడుస్తున్న మంట, అది మందుతో తగ్గేది. రెండోది మిగిలిపోయిన మచ్చ, అది ఏ మందుకూ తగ్గదు. యాక్టివిటీ 11, క్రానిసిటీ 1 అని ఉంటే కాపాడుకోవాల్సిన కిడ్నీ చాలా ఉందన్నమాట, వెనకాడకుండా మొదలుపెట్టాలి. యాక్టివిటీ 2, క్రానిసిటీ 8 అని ఉంటే ఎంత పెద్ద మందు ఇచ్చినా తగ్గేది కొంచెమే, ఇన్ఫెక్షన్ల ముప్పు మాత్రం పూర్తిగా ఉంటుంది. రిపోర్టులో ఈ అంకెలు లేకపోతే అడిగి రాయించుకోండి.

తర్వాత క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతోందో చెప్పే అంకె. ఈ ఈజీఎఫ్ఆర్ 45 కంటే తక్కువుంటే టాక్రోలిమస్ రకం మందులకు డాక్టర్లు సాధారణంగా వెనకాడతారు. మూత్రంలో ప్రొటీన్ రోజుకు 3 గ్రాములు దాటిందా లేదా అన్నది కూడా చూడాలి, అది ఎందుకో బెలిముమాబ్ దగ్గర చెబుతాను.

పిల్లల సంగతి. లూపస్ ఎక్కువగా వచ్చేది ఇరవైలు, ముప్పైల్లో ఉన్న ఆడవాళ్లకే కాబట్టి ఈ ప్రశ్నను పక్కన పెట్టడానికి వీల్లేదు. పెళ్లి కాని అమ్మాయి అయితే ఇంట్లోవాళ్లు డాక్టర్ ముందు ఈ మాట ఎత్తడానికి మొహమాటపడతారు. మొహమాటపడకండి, ఒక్కోసారి మందు మారేదే ఈ ఒక్క కారణంతో.

ఇన్ఫెక్షన్లు ఇంకో సంగతి. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఏ మందు మొదలుపెట్టినా ముందు దాన్ని చూసుకోవాలి. హెపటైటిస్ బి పరీక్ష కూడా తప్పనిసరి, బి కణాలను ఏరేసే రిటుక్సిమాబ్ అనుకుంటుంటే మరీను.

ఇక డబ్బు, దూరం. నెలనెలా రక్తపరీక్షకు బస్సులో నాలుగు గంటలు కూర్చుని రావాల్సినవాళ్లకీ ఆసుపత్రి పక్కవీధిలో ఉన్నవాళ్లకీ ఒకే మందు సరిపోకపోవచ్చు. ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు అడ్మిషన్ లేకుండా నెలనెలా కొనే మాత్రలు కవర్ అవుతాయా అని ప్రత్యేకంగా అడగండి, చాలా పాలసీల్లో అవి రావు.

ఎంపికతో పనిలేనివి

మూడు మందులు ఏ దారిలో వెళ్లినా ఉంటాయి, వాటి గురించి వాదన అక్కర్లేదు.

హైడ్రాక్సీక్లోరోక్విన్. 2020లో కరోనాకి అని జనం ఎగబడి కొన్న మందే. ఇంటర్‌ఫెరాన్ అలారం మోగించే టీఎల్ఆర్7, టీఎల్ఆర్9 అనే గ్రాహకాల పని తగ్గిస్తుంది. చవక, గర్భంలో కూడా వాడొచ్చు, జబ్బు తిరగబెట్టడం తగ్గిస్తుంది. డోసు కిలో బరువుకు రోజుకు 5 మి.గ్రా. దాటకూడదు. మొదట్లో ఒకసారి కంటి పరీక్ష, ఆ తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి డోసు తగ్గిస్తారు.

స్టెరాయిడ్. సైటోకైన్లను తయారుచేయించే స్విచ్ ఎన్ఎఫ్-కప్పాబి అయితే, దాన్నే నొక్కి పట్టేస్తుంది కాబట్టి ఒకేసారి చాలా సిగ్నళ్లు తగ్గుతాయి. అందుకే అంత వేగంగా పనిచేస్తుంది, అందుకే అన్ని సైడ్ ఎఫెక్టులూ. ముఖం ఉబ్బడం, షుగర్, మొటిమలు, ఎముకలు బలహీనపడటం, నిద్ర పట్టకపోవడం, ఇంట్లో అందరి మీదా చిరాకు. ఇప్పటి పద్ధతి మొదట మూడు రోజుల వరకు సెలైన్‌లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇచ్చి, తర్వాత మాత్రల్ని వీలైనంత త్వరగా తగ్గించుకుంటూ రావడం. మిగతా మందుల్ని పోల్చేటప్పుడు "ఇది వాడితే స్టెరాయిడ్ ఎంత త్వరగా తగ్గుతుంది" అని కూడా అడగండి. ఎవరూ అడగరు కానీ అడగాల్సిన ప్రశ్న. స్టెరాయిడ్‌ని సొంతంగా ఒక్కసారిగా మానేయడం మాత్రం ప్రమాదం.

మూడోది ప్రొటీన్ తగ్గించే బీపీ మాత్ర. బీపీ లేకపోయినా ఇస్తారు. గర్భం వస్తే మాత్రం ఆపాల్సిందే.

మాట వచ్చింది కాబట్టి, ఒంటినొప్పులకు మెడికల్ షాపులో కొనుక్కునే డైక్లోఫినాక్ లాంటి మాత్రలు, ఎవరో ఇచ్చిన పసరు మందు, భస్మాలు ఈ పరిస్థితిలో వద్దు. నెఫ్రాలజిస్ట్ చేసిన పని అంతా అవి పాడుచేయగలవు.

మైకోఫెనోలేట్

ఇది ఒక ప్రత్యేక సిగ్నల్‌ని ఆపే మందు కాదు. సిగ్నల్ అందాక బి, టి కణాలు సంఖ్య పెంచుకోవాలి కదా, అందుకు కావాల్సిన ముడిసరుకు తయారుకాకుండా చేస్తుంది. రోజుకు రెండు సార్లు మాత్రలు, మొత్తం 2 నుంచి 3 గ్రాములు. మనవాళ్లలో చాలామందికి 2 గ్రాములతోనే సరిపెడతారు. మొదట్లో తక్కువతో మొదలుపెట్టి పెంచుతారు.

2009లో వచ్చిన ఆల్మ్స్ ట్రయల్‌లో 370 మందిని మైకోఫెనోలేట్, నెలనెలా ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ రెండు గుంపులుగా పెట్టి చూస్తే 56 శాతం మందికి, 53 శాతం మందికి గుణం కనిపించింది. అంటే సమానమే. మన దగ్గర చండీగఢ్ పీజీఐలో మరీ తీవ్రం కాని 100 మంది పేషెంట్లలో తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్‌తో పోల్చి 2016లో ప్రచురించారు, అక్కడా రెండు వైపులా 74 శాతమే. మైకోఫెనోలేట్ వాడినవాళ్లలో కడుపు గడబిడలు మాత్రం ఎక్కువ.

ఆ కడుపు సంగతి తేలిగ్గా తీసుకోకండి. విరేచనాలు, వికారం భరించలేక చాలామంది చెప్పకుండా డోసు తగ్గించేసుకుంటారు, ఆ తర్వాత "మందు పనిచేయలేదు" అంటారు. డాక్టర్‌కి చెబితే డోసుని మూడు నాలుగు భాగాలు చేసి ఇస్తారు, లేదంటే పేగులో కరిగే మైకోఫెనోలేట్ సోడియానికి మారుస్తారు. ఇంకోటి, గ్యాస్ అని తాగే తెల్లటి యాంటాసిడ్ సిరప్‌లు దీంతో కలిపి వేసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదు.

గర్భంలో ఇది నిషిద్ధం, బిడ్డకు అవయవ లోపాలు వస్తాయి. గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం ఆరు వారాలు ఆపి ఉండాలి. అండాశయాలను మాత్రం పాడుచేయదు. అంటే ఇప్పుడు పిల్లలు వద్దు, రేపు కావాలి అనుకునే అమ్మాయికి ఇది మంచి దారే, గర్భనిరోధం గట్టిగా ఉన్నంత వరకు. ఆ పద్ధతి కూడా డాక్టర్‌ని అడిగే ఎంచుకోవాలి, ఎందుకంటే జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతాయి.

సైక్లోఫాస్ఫమైడ్

అవును, క్యాన్సర్‌కీ వాడతారు. వేగంగా విడిపోయే కణాలను చంపుతుంది కాబట్టి సిగ్నళ్లు పంపే కణాలూ పోతాయి, అందుకునే కణాలూ పోతాయి. దీంట్లో రెండు పద్ధతులున్నాయని తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే బంధువులు భయపెట్టే కథలన్నీ ఎక్కువగా పాత పద్ధతివే. పాతది నెలకొకసారి పెద్ద డోసు, ఆరు నెలలు. యూరో-లూపస్ అనే రెండోది 2002లో వచ్చింది, రెండు వారాలకొకసారి 500 మి.గ్రా. చొప్పున ఆరు సార్లు, మొత్తం 3 గ్రాములతో అయిపోతుంది. ఆ ట్రయల్‌లోని పేషెంట్లను పదేళ్లు చూసినా తక్కువ డోసు వాళ్ల కిడ్నీలు ఎక్కువ డోసు వాళ్లకంటే పాడైందేమీ లేదు. అండాశయాల మీద దెబ్బ వయసును బట్టి, మొత్తం డోసును బట్టి ఉంటుంది. 3 గ్రాములతో ఆ ముప్పు బాగా తక్కువ.

దీనికున్న పెద్ద బలం ఏమిటంటే ఎక్కించారా లేదా అన్న అనుమానం ఉండదు. హాస్టల్లో ఉంటూ రోజుకు ఎనిమిది పది మాత్రలు మింగాల్సిన కుర్రవాడు రెండు పూటలు తప్పించినా ఎవరికీ తెలియదు. డే కేర్‌లో ఎక్కించిన సెలైన్ అలా కాదు. చవక కూడా. క్రియాటినిన్ వేగంగా పెరుగుతున్నప్పుడు, బయాప్సీలో క్రెసెంట్లు (గ్లోమెరులస్ తీవ్రంగా దెబ్బతిన్నదని చెప్పే నెలవంక గుర్తులు) ఎక్కువగా ఉన్నప్పుడు చాలామంది డాక్టర్లు దీనివైపే మొగ్గుతారు.

ఇబ్బందులు: తెల్లకణాలు పడిపోవడం, ఇన్ఫెక్షన్లు, వాంతులు, కొంత జుట్టు ఊడటం. మూత్రాశయానికి హాని కలగకుండా ఆ రోజు నీళ్లు ఎంత తాగాలో అడగండి, ఒంట్లో వాపులున్నవాళ్లు సొంత లెక్కతో ఎక్కువ తాగకూడదు. పెద్ద డోసు అయితే అమ్మాయిలు అండాశయాలను కాపాడే ఇంజెక్షన్ గురించి, అబ్బాయిలు వీర్యం దాచిపెట్టుకోవడం గురించి మొదటి డోసుకి ముందే అడగాలి. ఆరు డోసులు అయ్యాక పని అయిపోదు, మైకోఫెనోలేట్ గాని, రోగనిరోధక కణాల పెరుగుదలను తగ్గించే ఇంకో పాత మాత్ర అజాథియోప్రిన్ గాని కొనసాగాలి.

టాక్రోలిమస్, దాని తమ్ముడు వోక్లోస్పోరిన్

ఐఎల్-2ని సూటిగా ఆపేవి ఇవి. టి కణంలో కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి, దాంతో ఐఎల్-2 తయారీ ఆగిపోతుంది. టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లోని త్సుకుబా దగ్గరి మట్టిలో ఉన్న సూక్ష్మజీవి నుంచి తీశారు. దీనికి ఇంకో గుణం ఉంది, సిగ్నళ్లతో సంబంధం లేకుండానే గ్లోమెరులస్‌లోని పోడోసైట్ కణాలను గట్టిపరుస్తుంది. అందుకే ప్రొటీన్ త్వరగా తగ్గుతుంది. దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. ప్రొటీన్ తగ్గినంత మాత్రాన లోపలి మంట అంతే తగ్గిందని చెప్పలేం.

చైనాలో చేసి 2015లో ప్రచురించిన ట్రయల్‌లో టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ మూడూ కలిపి ఇస్తే 24 వారాలకు దాదాపు 46 శాతం మందికి పూర్తి ఉపశమనం వచ్చింది, సైక్లోఫాస్ఫమైడ్ గుంపులో దాదాపు 26 శాతం. వోక్లోస్పోరిన్‌కి అమెరికాలో 2021 జనవరిలో అనుమతి వచ్చింది. మైకోఫెనోలేట్‌కి దాన్ని జోడించిన ట్రయల్‌లో ఏడాదికి 41 శాతం మందికి గుణం కనిపించింది, జోడించకపోతే 23 శాతం మందికి. అందులో స్టెరాయిడ్‌ని చాలా వేగంగా తగ్గించారు, పదహారో వారానికల్లా రోజుకు 2.5 మి.గ్రా. నాకు దీంట్లో నచ్చింది అదే.

టాక్రోలిమస్ వాడేవాళ్లు రక్తంలో దాని మోతాదు చూపించుకోవాలి. పొద్దున శాంపిల్ ఇచ్చే రోజు మాత్ర జేబులో పెట్టుకుని వెళ్లండి, రక్తం తీశాకే వేసుకోండి. రాత్రి డోసు వేసుకున్న సుమారు పన్నెండు గంటలకు ఉన్న అంకె కావాలి వాళ్లకి. అలవాటుగా ఇంట్లోనే మాత్ర మింగేసి వెళితే అంకె ఎక్కువ చూపిస్తుంది, డోసు అనవసరంగా తగ్గించేస్తారు. పంపరపనస తినకూడదు. ఫంగస్ మాత్రలు, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు వేరే డాక్టర్ రాస్తే ముందు మీ నెఫ్రాలజిస్ట్‌కి చెప్పాలి, మోతాదు ఒక్కసారిగా పెరిగిపోతుంది. చేతులు వణకడం, బీపీ, షుగర్, పొటాషియం పెరగడం మామూలు సైడ్ ఎఫెక్టులు. కిడ్నీని కాపాడటానికి ఇచ్చే ఈ మందే ఎక్కువైతే కిడ్నీని దెబ్బతీస్తుంది కూడా. వోక్లోస్పోరిన్‌కి రక్తంలో మోతాదు చూడనక్కర్లేదు, కానీ బీపీ, ఈజీఎఫ్ఆర్ మీద కన్నేసి ఉంచాల్సిందే.

బెలిముమాబ్

బాఫ్‌ని పట్టుకుని బి కణాలకు అందకుండా చేసే యాంటీబాడీ. 2011లో లూపస్‌కి అమెరికాలో అనుమతి వచ్చినప్పుడు, యాభై ఏళ్లకు పైగా తర్వాత లూపస్ కోసమే వచ్చిన మొదటి మందు ఇది. కిడ్నీ లూపస్‌కి 2020 డిసెంబర్‌లో వచ్చింది. ఒంటరిగా ఇచ్చే మందు కాదు, మైకోఫెనోలేట్‌కో తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్‌కో జోడిస్తారు. 448 మందితో చేసిన ట్రయల్‌లో రెండేళ్లకు 43 శాతం మందికి గుణం కనిపించింది, అది లేకుండా 32 శాతం.

ఇది నింపాదిగా పనిచేసే మందు. వాపులతో పాదాలు చెప్పుల్లో పట్టని స్థితిలో ఉన్నవాళ్లు దీన్నుంచి వారాల్లో మార్పు ఆశించకూడదు. ప్రొటీన్ 3 గ్రాములు దాటినవాళ్లలో అదనపు లాభం పెద్దగా కనిపించలేదని ఆ ట్రయల్‌నే తిరిగి విశ్లేషించినప్పుడు తేలింది. దీని బలమంతా జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో, కిడ్నీ పనితీరు జారిపోకుండా నిలపడంలో ఉంది. చర్మం, కీళ్లు కూడా ఇబ్బంది పెడుతున్నవాళ్లకి, ఒకటికి రెండుసార్లు తిరగబెట్టినవాళ్లకి ఇది ఎక్కువ నప్పుతుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆ సంగతి దాచకుండా ముందే చెప్పాలి, ఈ మందుతో ఆ హెచ్చరిక ఉంది. మిగతావాటితో పోలిస్తే ఖరీదెక్కువ, ఏళ్ల తరబడి నెలనెలా ఎక్కించాలి. ఆరు నెలలు అప్పుచేసి ఎక్కించుకుని ఆపేసే ఆలోచన అయితే ఆ డబ్బు వేరే దారిలో పెట్టడమే మేలని నా అభిప్రాయం.

రిటుక్సిమాబ్, ఒబినుటుజుమాబ్

ఇవి సిగ్నల్ జోలికి వెళ్లవు, బి కణాలనే ఏరేస్తాయి. రిటుక్సిమాబ్‌ది విచిత్రమైన పరిస్థితి. 2012లో ప్రచురించిన ట్రయల్‌లో అనుకున్న లక్ష్యం చేరలేదు, అయినా వేరే మందులు పనిచేయనప్పుడు ప్రపంచమంతా వాడుతూనే ఉన్నారు. మన దగ్గర ఇది అందుబాటు ధరకు రావడానికి ఒక కారణం హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్, 2007లోనే రెడిటక్స్ పేరుతో దీని బయోసిమిలర్ (అసలు మందుకి దాదాపు నకలు లాంటిది) తెచ్చింది. ఇదే కోవలో కొత్తది ఒబినుటుజుమాబ్. బి కణాలను ఇంకా లోతుగా తుడిచేస్తుంది. 2025లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో 46 శాతం మందికి గుణం కనిపించింది, అది లేకుండా 33 శాతం మందికి. అదే ఏడాది అమెరికాలో లూపస్ నెఫ్రైటిస్‌కి అనుమతి కూడా వచ్చింది.

వీటికి ముందు హెపటైటిస్ బి పరీక్ష చూడకుండా మొదలుపెట్టనివ్వకండి. వీలైతే టీకాలు కొన్ని వారాల ముందే వేయించుకోవాలి, బి కణాలు పోయాక వేయించుకున్న టీకా పెద్దగా పనిచేయదు.

ఇంటర్‌ఫెరాన్ గ్రాహకాన్ని మూసే అనిఫ్రోలుమాబ్ గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. చర్మం, కీళ్ల లూపస్‌కి 2021 నుంచి అమెరికాలో ఉంది. కిడ్నీలో చేసిన రెండో దశ ట్రయల్ ప్రధాన లక్ష్యాన్ని చేరలేదు. కాబట్టి కిడ్నీ కోసం మొదటి మందుగా దాన్ని పట్టుబట్టి అడగడానికి ఇప్పుడు కారణం లేదు.

ఒక్క చూపులో

| మందు | దేని మీద పని | ఎలా ఇస్తారు | బాగా నప్పేది | జాగ్రత్త |
|---|---|---|---|---|
| మైకోఫెనోలేట్ | బి, టి కణాల పెరుగుదల | రోజూ మాత్రలు | పిల్లల ఆలోచన తర్వాతకి ఉన్నవాళ్లు | గర్భం, కడుపు |
| తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్ | కణాలనే తగ్గిస్తుంది | రెండు వారాలకొక సెలైన్, ఆరు సార్లు | మాత్రలు తప్పించేవాళ్లు, తక్కువ ఖర్చు కావాల్సినవాళ్లు | ఇన్ఫెక్షన్, తెల్లకణాలు |
| టాక్రోలిమస్, వోక్లోస్పోరిన్ | ఐఎల్-2 | రోజూ మాత్రలు | ప్రొటీన్ ఎక్కువ, క్రియాటినిన్ నార్మల్ | ఈజీఎఫ్ఆర్ 45 లోపు, బీపీ |
| బెలిముమాబ్ | బాఫ్ | నెలకొకసారి, ఏళ్ల తరబడి | పదేపదే తిరగబెట్టేవాళ్లు | ఖరీదు, డిప్రెషన్ |
| రిటుక్సిమాబ్ | బి కణాలు | సాధారణంగా రెండు సెలైన్లు, రెండు వారాల తేడాతో | మిగతావి పనిచేయనివాళ్లు | హెపటైటిస్ బి |

మీరు ఏ కోవలోకి వస్తారు

*క్రియాటినిన్ వారం వారం పెరుగుతోంది.* ఇక్కడ ఆలోచించుకునే టైమ్ లేదు. స్టెరాయిడ్ సెలైన్, దానితో సైక్లోఫాస్ఫమైడ్ గాని మైకోఫెనోలేట్ గాని ఏది ముందు మొదలవుతుందో అది. టాక్రోలిమస్ ఇప్పుడు కాదు. సెకండ్ ఒపీనియన్ తీసుకోవాలనుకుంటే రెండు రోజుల్లో తీసుకోండి, రెండు వారాలు ఆగకండి.

*క్రియాటినిన్ 0.8, కానీ ప్రొటీన్ 5 గ్రాములు, ఒళ్లంతా నీరు.* మైకోఫెనోలేట్‌కి టాక్రోలిమస్ జోడించే దారి గురించి అడగండి. నాకైతే ఈ పరిస్థితిలో బెలిముమాబ్ కంటే ఇదే ముందు కనిపిస్తుంది, ఖర్చు లెక్కలోనూ, వేగం లెక్కలోనూ.

*ఏడాది రెండేళ్లలో బిడ్డ కావాలి.* ముందు జబ్బుని అణచాలి, తర్వాత కనీసం ఆరు నెలలు నిశ్శబ్దంగా ఉండాలి, ఆ తర్వాతే ప్రయత్నం. అణచడానికి మైకోఫెనోలేట్ వాడి, తర్వాత అజాథియోప్రిన్‌కి మారడం బాగా నలిగిన దారి. అజాథియోప్రిన్, టాక్రోలిమస్, హైడ్రాక్సీక్లోరోక్విన్, తక్కువ డోసు స్టెరాయిడ్ గర్భంలో కొనసాగించొచ్చు. అత్తగారింట్లో "మందులు మానేస్తేనే బిడ్డ ఆరోగ్యంగా పుడుతుంది" అంటారు, ఆ మాట విని హైడ్రాక్సీక్లోరోక్విన్ మానేస్తే గర్భంలోనే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

*ఊరు దూరం, నెలనెలా టాక్రోలిమస్ మోతాదు చూసే ల్యాబ్ లేదు.* తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్‌తో మొదలుపెట్టి మైకోఫెనోలేట్‌కో అజాథియోప్రిన్‌కో మారడం తేలిక. దానికి కావాల్సిన రక్తకణాల లెక్క, క్రియాటినిన్, మూత్ర పరీక్ష ఏ చిన్న టౌన్‌లోనైనా అవుతాయి.

*విదేశాల్లో ఉన్నారు, ఇన్సూరెన్స్ బాగుంది.* అక్కడ మొదటి రోజు నుంచే మూడు మందుల కలయిక మొదలుపెట్టే ధోరణి పెరుగుతోంది, అంటే మైకోఫెనోలేట్, స్టెరాయిడ్, వాటికి తోడు బెలిముమాబ్ గాని వోక్లోస్పోరిన్ రకం మందు గాని. 2024లో వచ్చిన అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు కూడా ఈ కలయికలను మొదటి వరసలోనే పెట్టాయి, అదే వరసలో ఒంటరి మైకోఫెనోలేట్‌ని, తక్కువ డోసు సైక్లోఫాస్ఫమైడ్‌ని కూడా ఉంచాయి. కాబట్టి ఇండియాలో ఉన్న చెల్లెలికి పాత మందు ఇస్తున్నారని ఫోన్‌లో టెన్షన్ పెట్టకండి.

పనిచేస్తోందో లేదో ఎప్పుడు చూడాలి

మూడు నెలలకు ప్రొటీన్ కనీసం పావు వంతు తగ్గాలి, ఆరు నెలలకు సగం, ఏడాదికి 0.5 నుంచి 0.7 గ్రాముల లోపుకి రావాలి. మొదట్లోనే చాలా ఎక్కువ పోతున్నవాళ్లకి ఇంకో ఆరు నెలలు పట్టొచ్చు. మూడో వారంలో పరీక్ష చేయించి "ఇంకా తగ్గలేదు" అని డాక్టర్ని మార్చేయడం తొందరపాటే. బాగైపోయిందని ఏడాదికే మానేయడం కూడా అంతే. మొత్తం వైద్యం కనీసం మూడేళ్లు.

ఆరు నెలలకూ తగ్గకపోతే మందు మార్చే మాట వస్తుంది. మార్చే ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి. మాత్రలు నిజంగా పూర్తి డోసు వెళ్తున్నాయా, యాంటాసిడ్ లాంటిది ఏదైనా అడ్డుపడుతోందా, టాక్రోలిమస్ అయితే రక్తంలో మోతాదు సరిపడా ఉందా, మిగిలిన ప్రొటీన్ మంట వల్లా మచ్చ వల్లా. చివరిది మూత్ర పరీక్షతో తెలియదు, ఇంకో బయాప్సీ కావాల్సి రావచ్చు. మళ్లీ సూదా అని వెనకాడతారు గానీ, మచ్చ కోసం అనవసరంగా కొత్త మందు మొదలుపెట్టడం కంటే అది నయం.